ఇంగ్లండ్‌కి జేన్ గ్రే రాణేనా, కాదా? ట్యూడర్ల వరసలో ఆమె పేరు రాయాలా?

మెట్టవాగు:
ఇంగ్లండ్‌ని ఏలిన ట్యూడర్ వంశపు రాజుల పేర్లు చెప్పమంటే ఏడో హెన్రీ, ఎనిమిదో హెన్రీ, ఆరో ఎడ్వర్డ్, మేరీ, ఎలిజబెత్ అని ఐదుగురితో ఆపేస్తారు చాలామంది. 1553 జులైలో రాణిగా ప్రకటించిన జేన్ గ్రేని వదిలేస్తారు. నా ఉద్దేశంలో ఇది అన్యాయం. ఆరో ఎడ్వర్డ్ తన చేత్తోనే వారసుల కాగితం రాశాడు. సవతి అక్కలు మేరీ, ఎలిజబెత్ ఇద్దర్నీ పక్కన పెట్టి, మేనత్త మనవరాలైన జేన్‌కి పుట్టబోయే కొడుకులకు రాజ్యమన్నాడు. ఆ కొడుకులు పుట్టేదాకా తాను బతకనని తెలిశాక, ‘జేన్‌కూ, ఆమె కొడుకులకూ’ అని దిద్దాడు. జూన్ 21న అది రాజశాసనమైంది. వందమందికి పైగా పెద్దలు సంతకాలు పెట్టారు. ఇంకేం కావాలండీ?

ప్లీడరు గుమాస్తా:
పార్లమెంటు కావాలి. 1544 వారసత్వ చట్టంలో ఎడ్వర్డ్‌కి పిల్లలు లేకపోతే మేరీ, ఆ తర్వాత ఎలిజబెత్ అని స్పష్టంగా ఉంది. వీలునామాతో ఆ తర్వాతి వరస తేల్చే అధికారం అతని తండ్రి ఎనిమిదో హెన్రీకి ఆ చట్టమే ఇచ్చింది. ఎడ్వర్డ్‌కి ఎవరిచ్చారు? పదిహేనేళ్ళ మైనరు. మన దగ్గర మైనరు రాసిన వీలునామాతో అరెకరం కూడా చేతులు మారదు, అక్కడ దేశమే మారాలా? చీఫ్ జస్టిస్ మాంటేగ్ ఇది రాజద్రోహమవుతుందని మొదట మొరాయించాడు. రాజు గద్దిస్తే ఒప్పుకున్నాడు గానీ, ముందే క్షమాభిక్ష కాగితం అడిగాడు. తప్పు కాని పనికి క్షమాభిక్ష ఎందుకో?

మెట్టవాగు:
ఆ చట్టం సంగతీ చూద్దాం. మేరీ, ఎలిజబెత్ అక్రమ సంతానమని 1536లో పార్లమెంటే తేల్చింది. 1544లో వరసలోకి తెచ్చారు తప్ప ఆ మచ్చ చెరపలేదు. ఒక చేత్తో తుడిచి ఇంకో చేత్తో పూసినట్టుంది.

కొత్తగా చేరాను:
చిన్న డౌట్. స్కాట్లండ్ రాణి మేరీ స్టువర్ట్ కూడా మేనత్త మనవరాలే కదా? ఆమె ఎందుకు లేదు?

ప్లీడరు గుమాస్తా:
మంచి ప్రశ్న. ఆమె పెద్ద మేనత్త మార్గరెట్ మనవరాలు, జేన్ చిన్న మేనత్త మనవరాలు. హెన్రీ వీలునామాలో మార్గరెట్ వైపు వాళ్ళ ఊసే లేదు.

అత్తిపత్తి:
మీరిద్దరూ కాగితాలు చింపుకోండి. నేను మనుషుల సంగతి చెప్తాను. మే 25న జేన్‌కి గిల్‌ఫర్డ్ డడ్లీతో పెళ్ళి చేశారు. అతను దేశాన్ని నడుపుతున్న నార్తంబర్లాండ్ డ్యూక్ కొడుకు. ఎడ్వర్డ్ జులై 6న పోయాడు, 10న జేన్‌ని రాణిగా ప్రకటించారు. మేరీ అప్పటికే నార్‌ఫోక్‌కి జారుకుంది, అక్కణ్ణించి ఫ్రామ్లింగ్‌హామ్ కోటకి. ఊళ్ళకు ఊళ్ళు ఆమె వెనక నిలబడ్డాయి. ఆమె క్యాథలిక్ అని తెలిసీ ప్రొటెస్టెంట్లు కూడా వచ్చారు. ఆమెను పట్టుకోవడానికి జేన్ మామగారు నార్తంబర్లాండ్ 14న సైన్యంతో లండన్ దాటాడో లేదో, వెనక సంతకాల పెద్దలు గోడ మీది పిల్లులయ్యారు. 19న వాళ్ళే మేరీ రాణి అని చాటించారు. రాణిగా జేన్ గట్టిగా నిలబడింది ఒక్క విషయంలో: మొగుణ్ణి రాజును చేయనంది, కావాలంటే డ్యూక్‌ని చేస్తానంది. అత్తగారింట్లో ఎంత గొడవైందో! నాకైతే ఆ ఒక్కదానికే ఆమె రాణి.

ప్లీడరు గుమాస్తా:
అమ్మా, జాలి వేరు, హక్కు వేరు. ఆమెకు పట్టాభిషేకమే జరగలేదు.

మెట్టవాగు:
1483లో ఐదో ఎడ్వర్డ్‌కీ జరగలేదు. అతన్ని ఎలా లెక్కపెడుతున్నారు? అసలు ప్రశ్న ఇదిగో. హెన్రీ వీలునామాయే వేదమైతే, 1603లో ఎలిజబెత్ పోయాక ఆ వీలునామాలో లేని మార్గరెట్ మునిమనవడు, మేరీ స్టువర్ట్ కొడుకు జేమ్స్ ఎలా రాజయ్యాడు? అప్పటికి ఆ వీలునామా వరసలో ఉన్న జేన్ చెల్లెలి కొడుకు బతికే ఉన్నాడు. చట్టం ప్రకారం జేమ్స్ కూడా దొంగ రాజే అవ్వాలి మరి!

ప్లీడరు గుమాస్తా:
(గంట తర్వాత) జేమ్స్ దగ్గర చిక్కాను, ఒప్పుకుంటున్నా. అతన్ని 1604లో పార్లమెంటు గుర్తించింది, అంతే చెప్పగలను.

మెట్టవాగు:
అంటే సింహాసనం ముందు, చట్టం తర్వాత. మేరీ కూడా గద్దెక్కాక 1553లోనే తన తల్లిదండ్రుల పెళ్ళి చెల్లుతుందని పార్లమెంటుతో అనిపించుకుంది. జేన్‌కి ఆ టైమ్ దొరకలేదు, అంతే.

ప్లీడరు గుమాస్తా:
తేడా ఉంది. మేరీకి గద్దెక్కకముందే 1544 చట్టం చేతిలో ఉంది. జేన్ చేతిలో ఉన్నది చచ్చిపోతున్న పిల్లాడి శాసనం. వరసలో రాస్తాను గానీ బ్రాకెట్లో రాస్తాను.

అత్తిపత్తి:
1554 ఫిబ్రవరి 12న మేరీ జేన్ తల నరికించినప్పుడు బ్రాకెట్ పెట్టలేదు లెండి. మేరీ మీద లేచిన తిరుగుబాటులో చేరింది జేన్ తండ్రి, మొదట తల పోయింది కూతురికి.