అప్‌డేట్: బాపు టాక్రోలిమస్ కంపెనీ మార్చే విషయం

కిడ్నీ మార్పిడి అయిన మా బాపుకు హన్మకొండ మందుల షాపులో వేరే కంపెనీ టాక్రోలిమస్ (శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించకుండా ఇమ్యూనిటీని అణచే మందు) ఇస్తామన్నారు, తీసుకోవచ్చా అని అడిగాను కదా. నెఫ్రాలజిస్టును (కిడ్నీ డాక్టర్‌ను) కలిసి వచ్చాం.

మందు ఒకటే అయినా కంపెనీ మారితే రక్తంలో దాని స్థాయి కొంత మారవచ్చట. తగ్గితే శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించే ప్రమాదం. పెరిగితే ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది, చేతులు కూడా వణుకుతాయి. తప్పక మార్చాల్సి వస్తే ముందే తమకు చెప్పి, మార్చాక లెవెల్ టెస్టు (రక్తంలో మందు స్థాయి చూసేది) చేయించాలన్నారు. ప్రస్తుతానికి పాత కంపెనీదే హైదరాబాద్ నుంచి తెప్పించాం.

ఆ టెస్టుకు రక్తం పొద్దుటి మాత్రకు ముందే ఇవ్వాలి, అంటే రాత్రి మాత్ర వేసుకున్న సుమారు 12 గంటలకు. మాత్ర జేబులో పెట్టుకెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి. ల్యాబ్‌లో మాత్రం "మందులు వేసుకునే రండి" అన్నారు! మేమే వివరించాల్సి వచ్చింది.

ఇక తిప్పతీగ కషాయం. ఇమ్యూనిటీ పెరుగుతుందని చిన్నమ్మ ప్రేమగా పంపింది. ఆ ఇమ్యూనిటీని అణచడానికే బాపు రోజూ ఇన్ని మాత్రలు మింగుతుంటే! డాక్టర్ గట్టిగా వద్దన్నారు. టాక్రోలిమస్ స్థాయిని పెంచుతుంది కాబట్టి పంపరపనస కూడా బంద్. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వద్దు, పారాసిటమాల్ వాడమన్నారు. క్లారిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), ఫ్లూకొనజోల్ (ఫంగస్ మందు) లాంటివి కూడా టాక్రోలిమస్ స్థాయిని పెంచుతాయి కాబట్టి, ఎవరు రాసినా ముందు నెఫ్రాలజిస్టుకు ఫోన్ చేయాలి.

రిపోర్టు బాగానే వచ్చింది, డోసు మార్చలేదు.