నరానికి ఎక్కిస్తే నానోకణాలు వాటంతట అవే కణితిలోకి వెళ్లిపోతాయా?

గోదావరి_బుల్లోడు:
అందరికీ నమస్కారం. మా మేనమామకి మెదడులో గ్లియోబ్లాస్టోమా, అంటే వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్. ఆపరేషన్, రేడియేషన్, టెమోజోలమైడ్ అనే కీమో మందు అన్నీ అయ్యాయి, ఇప్పుడు మళ్లీ పెరుగుతోందని స్కాన్‌లో తేలింది. ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉండగా ఫ్యామిలీ గ్రూప్‌లో ఎవరో ఒక వీడియో పెట్టారు. ఇనుము నానోకణాలని సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కిస్తారట, అవి క్యాన్సర్‌ని వెతుక్కుంటూ వెళ్లి అక్కడే కూర్చుంటాయట, బయట నుంచి అయస్కాంతం పెడితే వేడెక్కి కణితిని మాత్రమే చంపేస్తాయట, పక్కన ఏమీ కాదట. వీడియో కింద నంబర్‌కి అత్తయ్య ఫోన్ చేస్తే ముందు అడ్వాన్స్ కట్టమన్నారు. నేను చదివింది బీకామ్, నాకు ఇందులో ఏదీ తెలియదు. ఇందులో నిజం ఎంత, కట్టుకథ ఎంత? తెలిసినవాళ్లు తెలుగులోనే కొంచెం అర్థమయ్యేలా చెప్పండి ప్లీజ్.

ల్యాబ్_పక్షి:
ముందు ఆ అడ్వాన్స్ కట్టకుండా ఆపండి, తర్వాత మిగతాది చదవండి. నేను ఇనుప ఆక్సైడ్ కణాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, డాక్టర్‌ని కాదు.

వేడెక్కడం నిజమే. ఇనుప ఆక్సైడ్ కణాలని వేగంగా దిశ మారే అయస్కాంత క్షేత్రంలో పెడితే వేడెక్కుతాయి, ఇది 1957 నుంచీ తెలిసిన సంగతే. కణితి 42, 43 డిగ్రీలకి చేరితే రేడియేషన్ ఇంకా బాగా పనిచేస్తుంది, 50 దాటితే క్యాన్సర్ కణాలు నేరుగా చచ్చిపోతాయి. అసలు గొడవంతా వేడి దగ్గర కాదు, వేడెక్కడానికి సరిపడా సరుకుని కణితిలోకి చేర్చడం దగ్గర. ఒక్కో నానోకణం ఇచ్చే వేడి ఎంత తక్కువంటే, పక్కన పారే రక్తమే దాన్ని ఎప్పటికప్పుడు చల్లార్చేస్తుంది. అందుకే ఒకే చోట కుప్పలుగా ఉండాలి. క్షేత్రం బలం పెంచేద్దామా అంటే అదీ కుదరదు, ఒక హద్దు దాటితే ఆరోగ్యంగా ఉన్న కండరం కూడా వేడెక్కి పేషెంట్ తట్టుకోలేడు.

ఇక "వెతుక్కుంటూ వెళ్తాయి" అన్న మాట. నరానికి ఎక్కించిన కొన్ని క్షణాల్లోనే రక్తంలోని ప్రోటీన్లు కణాల చుట్టూ అంటుకుంటాయి, వాటిని చూసి లివర్‌లో, ప్లీహంలో ఉండే మాక్రోఫేజ్‌లు (చెత్తని మింగి శుభ్రం చేసే రక్షణ కణాలు) పరాయి సరుకని పట్టి మింగేస్తాయి. పెళ్లి భోజనాల్లో మొదటి బంతిలో లివర్ కూర్చుంటుంది, చివరి బంతిలో ఉన్న కణితికి గిన్నె అడుగున ఏం మిగిలితే అదే. టొరంటోలో వారెన్ చాన్ బృందం అంతకుముందు పదేళ్లలో వచ్చిన పరిశోధనలన్నీ కూడి 2016లో లెక్క తీసింది: ఎక్కించిన దాంట్లో కణితికి చేరేది మధ్యస్థంగా 0.7 శాతం. అంటే వెయ్యిలో ఏడు! అదీ ఎలుకల్లో. 2018లో వాళ్లే ఇంకో అడుగు వేసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేలా యాంటీబాడీ, ఫోలిక్ ఆమ్లం లాంటివి అతికించిన నానోకణాలు ఎక్కించి చూశారు. అసలు క్యాన్సర్ కణాల దాకా చేరినవి పది లక్షల్లో 14 కూడా లేవు. మిగతావి కణితిలోకి వచ్చినా అక్కడి మాక్రోఫేజ్‌ల్లోనో, కణాల మధ్య ఉండే జిగురు పదార్థంలోనో ఇరుక్కుపోయాయి. వీడియోలో బాణం గుర్తు వేసి చూపించేది ఈ పద్నాలుగునే.

రవళి_ఫార్మా:
ల్యాబ్ పక్షి గారు, మీరు ఈపీఆర్ అనే సిద్ధాంతం సంగతి వదిలేశారు. మాకు ఎంఫార్మసీలో మొదటి క్లాసు నుంచీ చెప్పింది అదే కదా, కణితి రక్తనాళాలకి చిల్లులు ఉంటాయి, వాటి గుండా నానోకణాలు కారి లోపలే ఉండిపోతాయి అని. జపాన్‌లో మత్సుమురా, మయేదా 1986లో చూపించారు. మరి అది తప్పా?

ల్యాబ్_పక్షి:
తప్పు అనను రవళి గారూ, కానీ దాని మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకున్నాం. ఎలుకకి పెట్టే కణితి రెండు మూడు వారాల్లో ఉబ్బిపోతుంది, నాళాలు హడావిడిగా పుట్టుకొస్తాయి, చిల్లులు ఉంటాయి. మనిషిలో చాలా కణితులు నెలలు, ఏళ్లు పట్టి పెరుగుతాయి. ఒకే మనిషికి రెండు చోట్ల కణితి ఉంటే ఒకటి కారుతుంది, ఇంకోటి కారదు. పైగా కణితి లోపల ద్రవ పీడనం ఎక్కువ, అది లోపలికి వచ్చేదాన్ని బయటికే నెడుతుంది. 2020లో అదే టొరంటో బృందం చిల్లుల కథనే ప్రశ్నించింది, లోపలికి వెళ్లిన నానోకణాల్లో 97 శాతం దాకా చిల్లుల గుండా కాదు, నాళం గోడలోని కణాలే వాటిని ఒకవైపు మింగి ఇంకోవైపు వదలడం వల్ల వెళ్లాయని తేల్చింది. దీని మీద వాదోపవాదాలు ఇంకా నడుస్తున్నాయి, నా మటుకు నాకు రెండూ కొంత కొంత జరుగుతాయనిపిస్తుంది.

మెదడు విషయంలో ఇంకో అడ్డం ఉంది. కణితి మధ్యలో రక్త-మెదడు అవరోధం (రక్తంలోని పదార్థాలు మెదడులోకి పోకుండా ఆపే నాళాల గోడ) దెబ్బతిని ఉంటుంది కానీ అంచుల్లో గట్టిగానే ఉంటుంది. గ్లియోబ్లాస్టోమా మళ్లీ పుట్టుకొచ్చేది ఎక్కువగా ఆ అంచుల నుంచే.

హ్యూస్టన్_సుబ్బారావు:
అందరూ ఇలా చెప్తే మనుషుల్లో ఏమీ జరగలేదు అనుకుంటారు. జరిగింది! ఇక్కడ మా ఊళ్లోనే రైస్ యూనివర్సిటీలో నవోమి హాలాస్, జెన్నిఫర్ వెస్ట్ తయారుచేసిన బంగారు నానోషెల్స్ ఉన్నాయి. లోపల సిలికా, పైన పల్చటి బంగారు పొర, మొత్తం సుమారు 150 నానోమీటర్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ వాళ్లకి నరానికి ఎక్కించి, మర్నాడు సన్నని లేజర్ ఫైబర్‌ని కణితి దగ్గరికి దూర్చి ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు ఇచ్చారు, ఆ వెలుతురుకి షెల్స్ వేడెక్కి కణితిని కాలుస్తాయి. 2019లో ఫలితాలు వచ్చాయి, 16 మందిలో 15 మందికి చికిత్స పూర్తి చేయగలిగారు. అంటే నరం గుండా వెళ్లడం అసాధ్యం కాదు.

ల్యాబ్_పక్షి:
సుబ్బారావు గారు చెప్పింది నిజమే, మంచి పని అది. కానీ గమనించండి, లేజర్‌ని ఎక్కడ పెట్టాలో ఎంఆర్ఐ, అల్ట్రాసౌండ్ కలిపి డాక్టరే చూపించారు, కణాలు వెతికి పెట్టలేదు. లివర్‌లో ఎన్ని కణాలు కూర్చున్నా అక్కడికి లేజర్ వెళ్లదు కాబట్టి ఇబ్బంది లేదు. ఆ కిటుకు వల్లే అది కుదిరింది, ఒకేచోట ఉన్న కణితికి కుదిరింది. పుర్రె లోపల ఉన్న, అంచు ఎక్కడో తెలియని కణితికి అలా కాదు.

బుల్లోడు గారు, మీ మామయ్యకి వచ్చిన క్యాన్సర్‌కే జర్మనీలో చేశారు. బెర్లిన్ కంపెనీ మాగ్‌ఫోర్స్, ఆండ్రియాస్ యోర్డాన్ బృందం. వాళ్లు నరం జోలికే పోలేదు! పుర్రెకి చిన్న రంధ్రం పెట్టి, చిక్కటి ఇనుప ఆక్సైడ్ ద్రవాన్ని సూదితో నేరుగా కణితిలోకే దించారు. తర్వాత తలని క్షేత్రంలో పెట్టి గంటసేపు వేడి చేయడం, అలా ఆరు సార్లు, దాంతోపాటు రేడియేషన్. తిరగబెట్టిన గ్లియోబ్లాస్టోమా ఉన్న 59 మందిలో, తిరగబెట్టినప్పటి నుంచి మధ్యస్థ ఆయుష్షు 13.4 నెలలు వచ్చింది. 2010లో యూరప్ అనుమతి ఇచ్చింది. అయితే ఆ ట్రయల్‌లో పోల్చడానికి రెండో గుంపు లేదు, పాత పేషెంట్ల లెక్కలతోనే పోల్చారు, అందుకని నేను ఆ అంకెని పట్టుకుని ఊగను. ఆ కంపెనీ 2022లో దివాలాకి దరఖాస్తు పెట్టుకుంది.

స్కానింగ్_శ్రీను:
నేను ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని. జర్మనీ పద్ధతిలో ఒక తలనొప్పి ఎవరూ చెప్పరు. తలలో అంత ఇనుము ఉంటే ఎంఆర్ఐలో ఆ చుట్టుపక్కల అంతా నల్లటి మచ్చే వస్తుంది, కణితి తగ్గిందో పెరిగిందో కనపడదు. వేరే పద్ధతుల మీద ఆధారపడాలి. పైగా దగ్గర్లో ఉన్న లోహమంతా తీసేయాలి, పళ్లలో వేసిన లోహపు ఫిల్లింగులు, క్యాపులతో సహా. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి అసలు చేయరు. "సైడ్ ఎఫెక్ట్ లేదు" అని ఎవరైనా అంటే పళ్ల గురించి అడిగారా అని అడగండి, ఆ ప్రశ్నకే తడబడతారు.

కొత్తపేట_కిరణ్:
మన బంగారు భస్మం కూడా నానోనే అంటారు కదా అన్నా, అది వాడితే సరిపోదా?

రవళి_ఫార్మా:
కిరణ్, సైజు చిన్నదైతే సరిపోదు. మింగింది కణితికి ఎంత చేరింది, అక్కడ ఏ వెలుతురుకి వేడెక్కుతుంది, ఇవి చూపించాలి. గ్లియోబ్లాస్టోమాకి దాన్ని సలహా ఇవ్వకు దయచేసి.

గోదావరి_బుల్లోడు:
అందరికీ చాలా థాంక్స్. అంటే ఇండియాలో ఇది ఎక్కడా లేదా?

ల్యాబ్_పక్షి:
ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల వెలుతురుతో వేడెక్కే నానోకణాల మీద పరిశోధన జరుగుతోంది, కానీ అది ల్యాబ్ పని, పేషెంట్‌కి ఇచ్చేది కాదు. మనుషుల మీద నిజంగా ట్రయల్ జరిపితే దానికి సీటీఆర్ఐ (ఇండియాలో క్లినికల్ ట్రయల్స్‌ని నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబర్ ఉండి తీరాలి, 2009 నుంచి తప్పనిసరి. ఆ నంబర్ అడగండి, సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో మీరే వెతికి చూసుకోవచ్చు. ట్రయల్‌లో ఇచ్చే మందుకి సాధారణంగా పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోరు, అడ్వాన్స్ అడిగారంటేనే అనుమానించాలి. మామయ్య రిపోర్టులు తీసుకుని న్యూరో ఆంకాలజిస్ట్‌ని కలిసి మళ్లీ ఆపరేషన్ కుదురుతుందా, రెండోసారి రేడియేషన్ ఇవ్వొచ్చా, బెవాసిజుమాబ్ (కణితికి కొత్త రక్తనాళాలు పుట్టకుండా ఆపే మందు) పనికొస్తుందా అని అడగండి. ఈ మూడూ మన దగ్గరే దొరుకుతాయి.

గోదావరి_బుల్లోడు:
సరేనండి, సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాం, ఈ మూడు ప్రశ్నలు రాసి పెట్టుకున్నా. అత్తయ్యకి స్కానింగ్ శ్రీను గారి పళ్ల ప్రశ్న చెప్పాను, ఇందాకే ఫోన్ చేసి అడిగిందట. కాల్ కట్ చేశారట.