క్యాన్ బస్‌లో సీఆర్‌సీ ఉండగా మనం మళ్ళీ ఇంకొకటి పెట్టాలా?

జీడిమెట్ల_జంక్షన్:
మాది చిన్న టీం. ఎలక్ట్రిక్ ఆటోలకి బ్యాటరీ మేనేజ్‌మెంట్ బోర్డు చేస్తున్నాం. బోర్డు నుంచి మోటార్ కంట్రోలర్‌కి 500 కేబీపీఎస్ క్యాన్ బస్ (బండిలో బోర్డులన్నీ కలిసి వాడే రెండు వైర్ల లైను) మీద సెల్ వోల్టేజీలు, ఉష్ణోగ్రత, "ఇప్పుడు ఇంత కరెంటు వరకే లాగొచ్చు" అనే పరిమితి పంపిస్తాం. మొన్న డిజైన్ రివ్యూలో గొడవ మొదలైంది. ప్రతి మెసేజ్‌లో ఉన్న 8 బైట్లలో ఒక బైటు సీఆర్‌సీకి (డేటా చెడిందో లేదో చూడటానికి ఆ డేటా నుంచే లెక్కకట్టే అంకె), సగం బైటు కౌంటర్‌కి (కొత్త మెసేజ్‌కల్లా ఒకటి పెరిగే అంకె) ఇచ్చి తీరాలని మా సీనియర్ పట్టు.

నాకు ఇది దండగ అనిపిస్తోంది. క్యాన్ ఫ్రేమ్‌లో (వైరు మీద పోయే మొత్తం మెసేజ్‌లో) ఇప్పటికే 15 బిట్ల సీఆర్‌సీ ఉంది. పంపే నోడ్ తాను పెట్టిన బిట్టే వైరు మీద కనబడుతోందా అని చూసుకుంటుంది. ఒకే రకం బిట్లు ఐదు వచ్చాక స్టఫ్ బిట్ (కావాలని ఇరికించే వ్యతిరేక బిట్టు) రాకపోతే తప్పు, ఫ్రేమ్ ఆకారం చెడితే తప్పు, ఎవరూ అక్నాలెడ్జ్ చేయకపోతే తప్పు. తప్పు దొరికితే ఎర్రర్ ఫ్రేమ్ పడుతుంది, మెసేజ్ మళ్ళీ వెళ్తుంది. ఇవన్నీ దాటుకుని జారిపోయే అవకాశం, చెడిన మెసేజ్‌ల రేటుకి 4.7×10⁻¹¹ రెట్ల కంటే తక్కువని బాష్ స్పెక్ చెప్తోంది. దీని మీద మనం రాసే 8 బిట్ల సీఆర్‌సీ కొత్తగా ఏం పట్టుకుంటుంది?

పాత_ఈసీఈ_బ్యాచ్:
తమ్ముడూ, ఒక్క ప్రశ్న. క్యాన్ కంట్రోలర్ మైక్రోకంట్రోలర్ లోపలే ఉందా, బయట వేరే చిప్పా?

జీడిమెట్ల_జంక్షన్:
బయటే సార్. ఎంసీపీ2515 అనే చిప్పు, ఎస్‌పీఐ (మైక్రోకంట్రోలర్‌ని పక్క చిప్పులతో కలిపే వైర్లు) మీద. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మాడ్యూల్‌తో ప్రొటోటైప్ మొదలుపెట్టాం, తర్వాత బోర్డులోకి కూడా అదే చిప్పు దించాం.

పాత_ఈసీఈ_బ్యాచ్:
మీ సీనియర్ చెప్పింది నిజమే అనడానికి అదొక్కటి చాలు. ఎస్‌పీఐలో పారిటీ లేదు, సీఆర్‌సీ లేదు, అక్నాలెడ్జ్ కూడా లేదు. ఐ2సీ అనే ఇంకో రకం లైన్లో కనీసం చిప్పు "అందింది" అని ఒక బిట్టు లాగుతుంది, ఇక్కడ అదీ ఉండదు. ఎంసీపీ2515కి వెళ్ళే దారిలో ఒక క్లాక్ అంచు తప్పినా, 80 ఆంపియర్లు అని రాయాల్సిన బైటు 208 అయినా, ఆ చిప్పు 208కే చక్కగా సీఆర్‌సీ కట్టి పంపిస్తుంది. అవతల మోటార్ కంట్రోలర్ చూసే ఫ్రేమ్ నూటికి నూరుపాళ్ళూ సరైనదే. ఆర్టీసీ కార్గోలో సీల్ వేశాక పార్శిల్ ఎవరూ విప్పలేదని చెప్పొచ్చు. సీల్ వేయకముందే లోపల గ్లాసు పగిలి ఉంటే సీల్ ఏం చేస్తుంది?

ఇంకో సంగతి చూడండి. సెల్ వోల్టేజీ కొలిచే ఎల్‌టీసీ6811 లాంటి చిప్పులు ఎస్‌పీఐ మీద డేటా ఇచ్చేటప్పుడు 15 బిట్ల పీఈసీ (అదీ ఒక సీఆర్‌సీయే) జతచేస్తాయి. పాలినామియల్ (సీఆర్‌సీ లెక్కకి వాడే సూత్రం) కూడా క్యాన్ వాడేదే. వోల్టేజీ లోపలికి వచ్చేటప్పుడు ఎస్‌పీఐని నమ్మకుండా, బయటికి పోయేటప్పుడు మాత్రం నమ్ముతామంటే ఎట్లా?

4.7×10⁻¹¹ సంగతి. ఆ అంకె గురించి స్టఫ్ బిట్ దగ్గర ఒక పాత గొడవ ఉంది. సీఆర్‌సీని స్టఫ్ బిట్లు కలపకముందు లెక్కిస్తారు. రెండే బిట్లు సరిగ్గా చెడ్డచోట తిరగబడితే, ఒకచోట మామూలు బిట్టు స్టఫ్ బిట్టులా, ఇంకోచోట స్టఫ్ బిట్టు మామూలు బిట్టులా కనబడి, మధ్యలోని డేటా అంతా ఒక బిట్టు పక్కకి జరుగుతుంది. కొన్ని సందర్భాల్లో సీఆర్‌సీ దీన్ని పట్టుకోలేదు. ఐదు బిట్ల దాకా తప్పులు పట్టేస్తామన్న హామీ అక్కడ చెల్లదు. క్యాన్ ఎఫ్‌డీలో (క్యాన్ కొత్త రూపంలో) 17, 21 బిట్ల సీఆర్‌సీలు తెచ్చి, స్టఫ్ బిట్ల లెక్కని కూడా ఫ్రేమ్‌లో పంపడం అందుకే.

సోల్డర్_సీను:
అన్నా, అందరూ పాలినామియల్ దగ్గరే ఆగిపోయారు. పవర్ తీసేసి బస్ రెండు వైర్లకి, అంటే క్యాన్-హెచ్‌కి, క్యాన్-ఎల్‌కి మధ్య మీటర్ పెట్టండి. 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర టర్మినేషన్ (120 ఓమ్‌ల రెసిస్టర్) లేదు. 40 వస్తే ఎవరో మూడోది పెట్టారు. నా దగ్గరికి "క్యాన్ అప్పుడప్పుడు తేడా చేస్తోంది" అని వచ్చే బండ్లలో చాలావరకు కనెక్టర్ దగ్గరో రెసిస్టర్ దగ్గరో తేలుతాయి.

ఇంకో తమాషా. పంపే నోడ్‌లో తప్పు జరిగితే ఎర్రర్ కౌంటర్ 8 పెరుగుతుంది, బాగా వెళ్తే 1 తగ్గుతుంది. అంటే ఎనిమిది మంచి ఫ్రేములకి ఒకటి చెడుతున్నా కౌంటర్ అక్కడక్కడే తిరుగుతుంది, బస్-ఆఫ్‌కి (నోడ్ తనంతట తానే బస్ నుంచి తప్పుకునే స్థితికి) పోదు. బండి నడుస్తూనే ఉంటుంది, వైరింగ్ మాత్రం చస్తూ ఉంటుంది. ఎంసీపీ2515లో ఆ కౌంటర్లు 0x1సీ, 0x1డీ రిజిస్టర్లలో కూర్చుని ఉన్నాయి, చదివేవాడే లేడు. ముందు వాటిని లాగ్ చేయండి, కొత్త సీఆర్‌సీ సంగతి తర్వాత.

పార్క్‌లేన్_రిపేర్:
మాది కంప్యూటర్ల లైను. ఇదే గొడవ పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో (కంప్యూటర్‌లో కార్డులు పెట్టే స్లాట్ల లింక్‌లో) ఎప్పుడో తేల్చేశారు. ప్రతి లింక్ మీద 32 బిట్ల ఎల్‌సీఆర్‌సీ ఉంటుంది, తప్పయితే నాక్ (సరిగా అందలేదనే జవాబు) వచ్చి ప్యాకెట్ మళ్ళీ పోతుంది. అయినా చివరి నుంచి చివరికి ఈసీఆర్‌సీ అని ఇంకొకటి ఆప్షన్‌గా పెట్టారు. మధ్యలో స్విచ్ ఉంటే అది ఒక వైపు ఎల్‌సీఆర్‌సీ చూసి, రెండో వైపుకి కొత్తది కడుతుంది. ఆ స్విచ్ లోపల మెమరీలో చెడితే లింక్ సీఆర్‌సీకి కనబడదు.

సీను అన్న చెప్పింది కూడా మా దగ్గర రోజూ కనబడేదే. లినక్స్ లాగ్‌లో "కరెక్టెడ్" ఎర్రర్లు వరదలా వస్తుంటే, నెట్‌లో చూసి కెర్నల్ లైన్లో పీసీఐ=నోఏఈఆర్ అని (ఎర్రర్ రిపోర్టింగ్ ఆపేసే ఆప్షన్) పెట్టేసుకుంటారు. లాగ్ శుభ్రం! కార్డు స్లాట్‌లో వదులుగా ఉంటే అట్లాగే ఉంటుంది.

కూకట్‌పల్లి_కోడర్:
నేను సీఆర్‌సీ వద్దనే పక్షం. పట్టుకున్నాక ఏం చేస్తారో ఎవరూ చెప్పట్లేదు. సీఆర్‌సీ తేడా వస్తే టార్క్ ఆపేస్తారా? ఫుల్ లోడ్‌తో ఆటో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద ట్రాఫిక్‌లో ఆగిపోతే, వెనక బస్సుంటే, అది సేఫ్టీయా? బస్ లోడ్ ఎక్కువై ఒక మెసేజ్ ఆలస్యమైతే కౌంటర్ గంతేసిందని ఫాల్ట్ వేసే కోడ్ బోలెడు చూశాను. ఎస్‌పీఐ మీద అనుమానముంటే, రాసిన బఫర్‌ని మళ్ళీ చదివి పోల్చుకోండి. ఫ్రేమ్‌లో బైటు వృథా కాదు.

పాత_ఈసీఈ_బ్యాచ్:
తిరిగి చదవడం ఎస్‌పీఐ వరకు పనికొస్తుంది. కొలిచే టాస్క్ ఇరుక్కుపోతే? పంపే టైమర్ మాత్రం పాత విలువనే పదేపదే పంపుతూ ఉంటుంది. ప్రతి ఫ్రేమూ సరిగ్గానే ఉంటుంది, లోపలి అంకె మాత్రం ఎప్పటిదో. దీన్ని పట్టేది కౌంటరే. అదీ కొలిచే టాస్క్‌లో పెరగాలి. పంపే టాస్క్‌లో పెంచితే విలువ గడ్డకట్టినా కౌంటర్ హాయిగా తిరుగుతుంది. చాలామంది అక్కడే పెడతారు, రివ్యూలో ఎవరూ అడగరు. సీఆర్‌సీ కూడా అంతే, విలువ తయారైన చోటే కట్టాలి. బండ్ల సాఫ్ట్‌వేర్ ప్రమాణమైన ఆటోసార్‌లోని ఈ2ఈ (చివరి నుంచి చివరికి రక్షణ) ప్రొఫైల్ 1లో అయితే డేటా ఐడీని (ఏ మెసేజో చెప్పే అంకెని) ఫ్రేమ్‌లో పంపకుండానే సీఆర్‌సీ లెక్కలో కలుపుతారు. ఒక మెసేజ్‌ని ఇంకోటి అనుకుని తీసుకుంటే అదీ దొరుకుతుంది.

ఆపడం గురించి కోడర్ గారితో ఒప్పుకుంటాను. ఒక్క తేడాకి బండి ఆపకూడదు. ఒకటి పోతే పాత పరిమితి ఉంచుకోవడం, వరసగా పోతే మెల్లగా తగ్గించడం, చివర్లో ఇంటికి చేరేంత కరెంటుకి దించడం.

కూకట్‌పల్లి_కోడర్:
"వరసగా" అంటే ఎన్ని సార్? ఆ అంకె ఎవరు నిర్ణయిస్తారు? టెన్షన్ అంతా అక్కడే.

జీడిమెట్ల_జంక్షన్:
వోల్టేజీ, ఉష్ణోగ్రత మెసేజ్‌లలో పెట్టను. అవి డ్యాష్‌బోర్డుకి, ఒకటి తప్పు పడితే తర్వాతది సరిచేస్తుంది. కరెంటు పరిమితి మెసేజ్‌కి మాత్రం సీఆర్‌సీ, కౌంటర్ రెండూ పెడుతున్నా, రెండూ కొలిచే టాస్క్‌లోనే. సీను అన్న చెప్పిన ఎర్రర్ కౌంటర్లు వేరే మెసేజ్‌లో సెకనుకోసారి పోతాయి. కోడర్ గారి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పరిమితి మెసేజ్ 100 మిల్లీసెకన్లకి ఒకటి పోతుంది. మోటార్ కంట్రోలర్ పాత పరిమితితో ఎంతసేపు నడిస్తే సెల్స్ వేడెక్కుతాయో థర్మల్ టెస్టులో చూసి, దాన్నిబట్టి పెడదామనుకుంటున్నా. ఎవరైనా ఇట్లా లెక్కకట్టి ఉంటే చెప్పండి.

సోల్డర్_సీను:
60 ఓమ్‌లు వచ్చాయా లేదా, అది చెప్పు ముందు.