ఛేజ్ కౌంటీ ఆనవాలు ఏది: రాతి కోర్టా, గడ్డి మైదానమా?

వికిటా వాసి (ప్రశ్న):
కాన్సాస్ రాష్ట్రంలోని ఛేజ్ కౌంటీకి అత్తగారిని, మామగారిని తీసుకుని గత శుక్రవారం వెళ్లి వచ్చాం. 2020 జనగణన ప్రకారం అక్కడి జనాభా 2,572 మాత్రమే. కౌంటీ కేంద్రమైన కాటన్‌వుడ్ ఫాల్స్‌లో, ఇటుకలు పరిచిన వీధి చివర, 1873లో సున్నపురాయితో కట్టిన కోర్టు ఇప్పటికీ పనిచేస్తోంది. లోపల నల్ల వాల్‌నట్ కలపతో చేసిన మెలికల మెట్లున్నాయి. దాని చేతిపిడి ఎన్నో తరాల అరచేతులు తగిలి నునుపుదేలింది. ఈ కౌంటీ చరిత్రకు ఆనవాలు ఆ కోర్టేనని నేనన్నాను. మామగారు మాత్రం, "భవనాలు నిన్నగాక మొన్నటివి, చుట్టూ ఉన్న గడ్డిదే అసలు చరిత్ర" అన్నారు. సభ్యుల అభిప్రాయం తెలుపగలరు.

వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు:
మీ మామగారి మాటే సరైనది. ఉత్తర అమెరికాలో ఒకప్పుడు సుమారు 17 కోట్ల ఎకరాల్లో పరుచుకున్న ఎత్తుగడ్డి మైదానంలో నేడు నాలుగు శాతం కూడా మిగలలేదు, మిగిలినదానిలో అధికభాగం ఛేజ్ కౌంటీ ఉన్న ఈ ఫ్లింట్ హిల్స్ అనే గుట్టల ప్రాంతంలోనే ఉంది. కారణం నేలలోనే ఉంది. ఇక్కడి సున్నపురాయి పొరల మధ్య చెకుముకి రాయి ఉండడం వల్ల గుట్టల మీద నాగలి దిగలేదు. లోయల్లో మాత్రమే సేద్యం సాగింది. ఇదే కౌంటీలోని స్ట్రాంగ్ సిటీ సమీపంలో దాదాపు 11,000 ఎకరాలను 1996లో జాతీయ పరిరక్షణ క్షేత్రంగా ప్రకటించారు. 2009లో అక్కడికి అమెరికా అడవిదున్నలను (బైసన్) కూడా తిరిగి తీసుకొచ్చారు.

పశుపోషణ తెలిసిన సభ్యుడు:
ఉపాధ్యాయుల వారి వాదనలో ఒక లోటుంది. ఆ క్షేత్రం నిన్నటిదాకా పశువుల రాంచ్. ఆ రాంచ్ యజమాని స్టీఫెన్ జోన్స్ 1881లో కట్టించిన రాతి ఇల్లు, మూడంతస్తుల రాతి కొట్టం, గుట్టమీది ఒంటిగది బడి అక్కడే ఉన్నాయి. కొన్నేళ్లకొకసారైనా వసంతంలో నిప్పు పెట్టకపోతే, పశువులు మేయకపోతే పొదలూ చెట్లూ ఆ గడ్డిని మింగేస్తాయి. భూమి కేంద్ర ప్రభుత్వం చేతికి పోతుందని స్థానికులు గట్టిగా ప్రతిఘటించినందువల్లే, ఆ క్షేత్రంలో ప్రభుత్వం 180 ఎకరాలకు మించి సొంతం చేసుకోకూడదని చట్టంలో రాశారు. కాబట్టి ఆ గడ్డిని మనిషి నుండి విడదీసి చూడడం కుదరదు.

చరిత్ర విద్యార్థిని:
మనిషి నుండి విడదీయలేమన్న మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, అయితే ఆ మనిషి ఎవరన్న ప్రశ్న ఇంతవరకు ఈ చర్చలో రాలేదు. గడ్డికి నిప్పు పెట్టడం రాంచ్ యజమానులు కనిపెట్టిన పద్ధతి కాదు. వారికంటే ముందే ఈ మైదానాల్లోని ఆదివాసీ జాతులు, అడవిదున్నలు లేత గడ్డికి వస్తాయని తెలిసి, నిప్పు పెట్టేవారు. ఆ జాతుల్లో కాన్జా వారు ముఖ్యులు, కాన్సాస్ అన్న పేరే వారి నుండి వచ్చింది. 1846 ఒప్పందం తర్వాత వారిని పొరుగునే ఉన్న కౌన్సిల్ గ్రోవ్ ప్రాంతానికి పరిమితం చేసి, 1873లో అక్కడి నుండి కూడా నేటి ఓక్లహోమాకు తరలించారు.

1873 అన్న అంకెను దయచేసి మరోసారి చూడండి. కాటన్‌వుడ్ ఫాల్స్‌లో కోర్టు పూర్తయిన ఏడాది అదే. ఈ నేల ఎవరిదో తేల్చే దస్తావేజులను భద్రపరిచే రాతి గోడలు లేచిన ఏడాదే, ఆ నేల మీద పుట్టినవారు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. ఈ రెండు సంగతులనూ ఒకేచోట చెప్పనంతవరకు రాయి గొప్పదా, గడ్డి గొప్పదా అన్న వాదం నాకు అసంపూర్ణంగానే తోస్తుంది.

వికిటా వాసి గారికి ఒక మనవి. ఈసారి వెళ్లినప్పుడు మామగారిని కౌన్సిల్ గ్రోవ్ దాకా తీసుకెళ్లండి. అక్కడ కాన్జా వారి కోసం ప్రభుత్వం రాతి ఇళ్లు కట్టించింది, కానీ వారిలో చాలామంది తమ పద్ధతిలో కట్టుకున్న నివాసాలనే ఇష్టపడ్డారు. పట్టణానికి దగ్గర్లో పాత కట్టడాల శిథిలాలున్న స్థలాన్ని కా జాతివారు (కాన్జా వారి నేటి పేరు) తిరిగి కొనుక్కుని స్మారక వనంగా కాపాడుకుంటున్నారు. సగం కూలిన ఆ గోడల్లో ఉన్నదీ సున్నపురాయే.