అమ్మ 75వ పుట్టినరోజుకు మహనీయుల సూక్తులా, మన మాటలా?

పెద్దకూతురు:
మా అమ్మకు వచ్చే నెల 75 ఏళ్లు నిండుతున్నాయి. తల్లి గురించి పెద్దలు చెప్పిన 75 సూక్తులను ఏరి, చిన్న పుస్తకంగా అచ్చు వేయించి ఇవ్వాలని నా కోరిక. సొంత మాటల్లో ఒక ఉత్తరం రాస్తే చాలునని మా తమ్ముడు అంటున్నాడు. నాకు రాయడం చేతకాదు. నా మనసులో ఉన్నదాన్ని నాకన్నా బాగా చెప్పినవారి మాటలు తెచ్చుకుంటే తప్పేమిటో దయచేసి చెప్పండి.

నిదానం:
నేను మీ తమ్ముడి పక్షమే. అమెరికాలో మాతృదినోత్సవం కోసం పాటుపడి, 1914లో దానికి అధికారిక గుర్తింపు వచ్చేలా చేసిన అన్నా జార్విస్, ఆ తరువాత అది వ్యాపారంగా మారడాన్ని జీవితాంతం వ్యతిరేకించారు. అచ్చు కార్డులంటే ఆమెకు గిట్టేది కాదు. పైగా సూక్తి ఎక్కడిదో తెలియకుండా వాడితే అర్థమే మారిపోతుంది. ‘కుపుత్రో జాయేత క్వచిదపి కుమాతా న భవతి’ అన్న పాదాన్ని అందరూ తల్లికి పొగడ్తగా రాస్తారు గానీ, అది తన తప్పులను ఒప్పుకుంటూ జగన్మాతను క్షమాపణ వేడుకునే స్తోత్రంలోనిది. చెడ్డ కొడుకు పుట్టవచ్చు గానీ చెడ్డ తల్లి ఉండదని అక్కడ చెబుతున్నది తప్పు చేసిన బిడ్డే.

అక్షరప్రియ:
నిదానం గారూ, మీ ఉదాహరణే మీ వాదానికి అడ్డు వస్తోంది. అమ్మను నొప్పించి, ఆ మాట ఏళ్ల తరబడి నోటితో చెప్పలేకపోయిన బిడ్డకు అంతకన్నా తగిన వాక్యం ఎక్కడ దొరుకుతుంది? ‘మాతృదేవో భవ’ కూడా పొగడ్త కాదు. తైత్తిరీయోపనిషత్తులో, చదువు ముగించుకున్న శిష్యుడికి గురువు చెప్పే కర్తవ్యం. దాన్ని అమ్మ ముందు చదివే బిడ్డ, ఆమెకు ఒక మాట ఇస్తున్నట్టే. మా అమ్మ 80వ పుట్టినరోజున మా అన్నయ్య ఆ రెండు పదాలే పలికి, గొంతు పూడుకుపోయి కూర్చుండిపోయాడు. అరువు మాటలని ఆ రోజు మాలో ఎవరికీ అనిపించలేదు.

నిదానం:
మీ అన్నయ్య గారి విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. ఆయన పలికినవి రెండే పదాలు, 75 సూక్తులు కావు. మా అమ్మ 70వ పుట్టినరోజుకు నేను నాలుగు సూక్తులను అందమైన సన్నని అక్షరాలతో అచ్చు వేయించాను. ఆమె కార్డును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లజోడు పైకి జరుపుకొని, వేలితో వరుసలు తడుముతూ అన్నిటినీ దాటి, అడుగున నేను పెద్ద అక్షరాలతో రాసిన ‘చేరగానే ఫోన్ చెయ్యి’ దగ్గర ఆగింది. నేను ఊరికి బయలుదేరిన ప్రతిసారీ ఆమె గుమ్మంలో నిలబడి చెప్పే మాట అది. “ఇది నా మాటే కదా” అంది. అందుకే పెద్దకూతురు గారూ, మీ అమ్మగారి మాటలనే ఏరండి, పెద్ద అక్షరాలతో రాయండి. సూక్తులు నాలుగైదుకు మించనివ్వకండి. ప్రతిదాని కింద అది ఆమెకు ఎందుకు తగుతుందో ఒక్క వాక్యమైనా మీరే రాయండి.

పెద్దకూతురు:
రాత్రి కూర్చుని అమ్మ మాటలను గుర్తుచేసుకుంటే పదకొండు వచ్చాయి. ‘మాతృదేవో భవ’ మొదటి పేజీలో ఉంటుంది, దాన్ని వదులుకోను. ఈ ఉదయం తమ్ముడు ఫోన్ చేసి పన్నెండోది చెప్పాడు. అది అమ్మ వాడితో మాత్రమే అనేదట, నేను ఎన్నడూ వినలేదు.