ఎండాకాలంలో నీడిల్ సెట్టింగ్: టెంపరేచర్ గన్‌ని నమ్మాలా, చెవినా?

ఎర్రతూనీగ: రిమోట్‌తో ఎగరేసే ట్రైనర్ మోడల్ విమానం, .46 గ్లో ఇంజిన్, ఇంధనంలో 15 శాతం నైట్రో. నేలమీద బాగానే తిరుగుతోంది. ముక్కెత్తి పైకి పోనిస్తే కూత సన్నబడి ఆగిపోతోంది. మే ఎండలు కదా, ఇంధనం పాళ్లు మార్చే హైస్పీడ్ నీడిల్ స్క్రూ తెరవాలా, బిగించాలా?

గుంటూరుగాలి: లీన్ అయింది, అంటే గాలికి తగ్గ ఇంధనం అందట్లేదు. ముక్కెత్తితే కార్బురేటర్ ట్యాంకు కన్నా ఎత్తుకు పోయి ఇంధనం తగ్గుతుంది. రెండు మూడు క్లిక్కులు తెరవండి. ఫుల్ థ్రాటిల్‌లో ఇంధనం ట్యూబుని వేళ్లతో టక్కున నొక్కి వదలండి. స్పీడు కాస్త పెరిగి మళ్లీ దిగితే సెట్టింగ్ బాగున్నట్టే. పెరగకుండా పడిపోతే ఇంకా తెరవాలి.

నీడిల్‌నాని: ఈ చెవి లెక్కలు ఎన్నాళ్లండీ? హెడ్ మీద గన్ పెట్టి చూడండి. నా రిమోట్ బగ్గీ కారు 110–120 డిగ్రీల మధ్యే నడుస్తుంది, ఎప్పుడూ ఆగలేదు.

గుంటూరుగాలి: గాల్లో ఉన్న విమానానికి గన్ ఎలా పెడతారు? దిగేసరికి హెడ్ చల్లబడుతుంది. పైగా ఎండకి గాలి పలచనై ఆక్సిజన్ తగ్గుతుంది. నిన్నటి సెట్టింగే ఇవాళ రిచ్ (ఇంధనం ఎక్కువ) అవుతుంది. వేడికి భయపడి తెరుస్తూ పోతే పొగ తప్ప పవర్ ఉండదు.

నీడిల్‌నాని: పైన తెరవమన్నది మీరే!

గుంటూరుగాలి: ముక్కెత్తితే ఆగుతోందన్నారు కాబట్టి తెరవమన్నాను. ఎండ చూసి కాదు.

చిన్నరెక్క: సైలెన్సర్ నుంచి ట్యాంకుకి వెళ్లి ఇంధనాన్ని నెట్టే ప్రెషర్ ట్యూబు చూశారా?

నీడిల్‌నాని: పోయినేడు ఫీల్డులో ఒక పెద్దాయన ఇలాగే చెవితో విని నా నీడిల్ బిగించేశారు. అడగను కూడా లేదు. సాయంత్రానికి కంప్రెషన్ పోయింది. విప్పి చూస్తే పిస్టన్ నిండా నిలువు గీతలు. కొత్త సెట్ డబ్బులు నావే.

గుంటూరుగాలి: నూనె వచ్చేది ఇంధనంలోనే. లీన్ అయితే నూనె కూడా తగ్గుతుంది, గీతలు పడక మానవు. ఆయన చెవి సరిగా వినలేదు.

నీడిల్‌నాని: మళ్లీ చెవి దగ్గరికే వచ్చారు! నా ఇంజిన్ మీద నన్నడక్కుండా చెయ్యి వేశారండీ. కొత్తవాళ్లని "జరుగు, నేను చూస్తా" అని పక్కకి నెట్టడమే తప్ప, నీడిల్ మా చేతికిచ్చి పక్కన నిలబడేవాళ్లు ఎంతమంది? గన్ అంకె చూపిస్తే ఎవరూ నోరెత్తరు. అందుకే కొన్నాను.

గుంటూరుగాలి: అడక్కుండా ముట్టుకోవడం ముమ్మాటికీ తప్పు, అందులో మీతోనే ఉన్నాను. కానీ నీడిల్ ఎవరి చేతిలో ఉన్నా ఆ ట్యూబు నొక్కి చూడాల్సిందే.

ఎర్రతూనీగ: ప్రెషర్ ట్యూబు సైలెన్సర్ దగ్గర చిట్లి ఉంది. మార్చాను. నీడిల్ నేనే తిప్పాను. ట్యూబు నొక్కితే స్పీడు పెరిగి దిగింది. ముక్కెత్తినా ఆగలేదు.

నీడిల్‌నాని: దిగగానే హెడ్ ఎంత చూపించింది?