పండుగ అడ్వాన్సు తీసుకుని మరో చోట చేరడం న్యాయమేనా?

జీడితోట: పలాసలో మాది చిన్న జీడిపప్పు పరిశ్రమ. సంక్రాంతికి ముందు మా దగ్గర పప్పు పొట్టు తీసే ఆమెకు పదిహేను వేలు అడ్వాన్సు ఇచ్చాను. కనుమ వెళ్లాక పనికి రాలేదు. ఆరా తీస్తే కాశీబుగ్గలో చేరిందట, అక్కడ కిలోకు రెండు రూపాయలు ఎక్కువట! యజమాని బాధ్యతలు అందరూ ఏకరువు పెడతారు. పనివాళ్లకు ఏ బాధ్యతా లేదా?

బొబ్బిలి వీణ: తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. ఇందులో చర్చ ఏముంది?

ఉద్దానం ఆడపడుచు: ఇవ్వనని ఆమె అన్నదా? మా అమ్మ కూడా ఈ పనే చేసింది. జీడి రసం తగిలి వేళ్ల చర్మం ఊడిపోయేది. ఈనాటికీ ఆమె పేరున పీఎఫ్ ఖాతా లేదు. మీ దగ్గర పనిచేసిన ఆమెకు ఉందా?

జీడితోట: నేను అడిగింది అడ్వాన్సు గురించి. మాకు పీఎఫ్ వర్తించదు, ఇరవై మంది లేరు.

చీపురుపల్లి పెద్దాయన: రిజిస్టరులో లేరా, షెడ్డులో లేరా? కిలో లెక్కన చేసేవాళ్లు, మేస్త్రీ తెచ్చినవాళ్లు కూడా ఆ ఇరవైలోకి వస్తారు బాబూ. ఆమె చెప్పకుండా వెళ్లిందని మీ బాధ. మా జూట్ మిల్లు మూసిన రోజు మాకూ ఎవరూ చెప్పలేదు. తెల్లారి షిఫ్టుకు వెళితే గేటుకు కాగితం అంటించి ఉంది.

జీడితోట: మీ మిల్లు కోపం నా మీద చూపిస్తే ఎలా? 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు మా షెడ్డు రేకులు ఎగిరిపోయాయి, తోటలు నేలకూలాయి. పని లేని ఆ రోజుల్లో కూడా అందరికీ బియ్యం ఇచ్చాను. ఆమె భర్తకు కిడ్నీ జబ్బు. డయాలసిస్‌కు వెళ్లినప్పుడల్లా ఆటో ఖర్చు నాదే. ఇంటి మనిషిలా చూసుకున్నాను. జీడి పిక్కలు ఆఫ్రికా నుంచి తెప్పించుకుంటున్నాం, డాలరు పెరిగితే దెబ్బ మాకే. కిలోకు రెండు రూపాయలు పెంచడం మాటలా?

ఉద్దానం ఆడపడుచు: పది మంది ఉంటే ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, ఉంటుంది. కూలిలో నూటికి మీరు మూడుంపావు, ఆమె ముప్పావు కట్టి ఉంటే భర్త వైద్యానికి ఆమె కార్డు పట్టుకుని వెళ్లేది. ఆటో డబ్బుల కోసం మీ గుమ్మం ముందు నిలబడేది కాదు. మీరు ఇచ్చింది కాదనను. కానీ అది మీకు ఇవ్వాలనిపించినప్పుడు ఇచ్చింది.

జీడితోట: ఆ కోత వద్దు, మొత్తం చేతికే ఇవ్వమని వాళ్లే అంటారు. మీలాంటి వాళ్లు ఎవరి డబ్బుతో చదువుకుని మాకు నీతులు చెబుతున్నారో!

ఉద్దానం ఆడపడుచు: మా అమ్మ కూలితో. మీలాంటి యజమాని దయతో కాదు.

బొబ్బిలి వీణ: ఇద్దరూ కాస్త తగ్గండి. అసలు డబ్బు ఎలా వసూలు చేయాలో చెప్పండి.

జీడితోట: చేసేది చేశాను. ఆ కొత్త యజమాని మా దూరపు చుట్టమే. బాకీ తీరేదాకా ఆమెకు పని ఇవ్వవద్దని ఫోనులో చెప్పాను.

చీపురుపల్లి పెద్దాయన: ఇది కదా మొదటే చెప్పవలసింది! అడ్వాన్సు పేరుతో మనిషిని మరో చోట పనిచేయకుండా కట్టిపడేయడాన్నే 1976 చట్టం వెట్టిచాకిరీ అంటుంది. మీకు రావలసిన డబ్బు ఉంటే నెలకు ఇంత అని మాట్లాడుకోండి. ఆమె కూడు ఆపితే బాకీ ఎక్కడి నుంచి తెచ్చి తీరుస్తుంది?

జీడితోట: నేను బెదిరించలేదు. చుట్టం కాబట్టి ఒక మాట అడిగాను. వెట్టి, గిట్టి అని పెద్ద మాటలు వద్దు.

ఉద్దానం ఆడపడుచు: సరే, చిన్న మాటే అడుగుతాను. ఆమె ఇప్పుడు పనిలో ఉందా?

జీడితోట: సోమవారం నుంచి లేదు.